చీటీ మీద అంకె ఒకటే, ఆడదాని లెక్క వేరు

(ఉద్దానం ప్రాంతంలో వ్యవసాయ కూలీ మహిళలు, సంఘ కార్యకర్తలు కలిసి కూర్చున్న సమావేశంలో ఒక మహిళా కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు సాధ్యమైనంత వరకు అలాగే ఉంచాం.)



కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఈ మండలాల వాళ్లకి కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కొబ్బరి చెట్ల నీడన పుట్టి, జీడి తోటల్లో పనిచేసి, ముప్పై అయిదు, నలభై ఏళ్లకే మంచాన పడ్డ మనుషుల్ని మీరు చూశారు. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉద్దానం ఊళ్లలో 2,210 మందికి పరీక్షలు చేస్తే నూటికి 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు తేలింది. అందులో ఎక్కువ మందికి షుగరూ లేదు, బి.పి. వల్ల వచ్చిందీ కాదు. నీళ్లా, ఎండా, పురుగు మందులా, ఇంకేమైనానా, కారణం ఇంతవరకు ఖాయంగా తేలలేదు.

కాబట్టి జబ్బు ఎంత చెడ్డదో చెప్పటానికి నేను లేచి నిలబడలేదు. నా దగ్గర ఒక్కటే ప్రశ్న ఉంది. ఈ జబ్బు ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకేలా వస్తుందా? వస్తే ఒకేలా కనబడుతుందా? కనబడితే ఒకేలా వైద్యం అందుతుందా? మూడింటికీ జవాబు "కాదు" అనే. ఎందుకు కాదో, అందులో ఒంటి తేడా ఎంత, ఇంటి తేడా ఎంత, ఇదే ఈ రోజు నా మాట.

ఆసుపత్రి లెక్క వేరు, ఊరి లెక్క వేరు

ముందు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

ప్రపంచం మొత్తం మీద జనానికి పరీక్షలు చేసి తీసిన లెక్కల్లో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మగవాళ్ల కన్నా ఆడవాళ్లలోనే కొంచెం ఎక్కువగా ఉంది. మరి డయాలసిస్ మంచాల మీద ఎవరున్నారు? చాలా దేశాల్లో పదిమందిలో సుమారు ఆరుగురు మగవాళ్లు. మన దేశంలో తేడా ఇంకా పెద్దది. దేశంలోని పలు ఆసుపత్రుల నుంచి కిడ్నీ రోగుల వివరాలు కూడగట్టిన పెద్ద పట్టిక ఒకటి 2012లో అచ్చయింది. అందులో యాభై రెండు వేల మందికి పైగా ఉన్నారు. నూటికి 70 మంది మగవాళ్లు, 30 మంది ఆడవాళ్లు.

ఇప్పుడు చెప్పండి. ఈ 30 అనే అంకె చూసి "ఆడవాళ్లకి ఈ జబ్బు తక్కువ" అనుకోవాలా? లేక "ఆడవాళ్లు ఆసుపత్రి గడప దాకా రాలేదు" అనుకోవాలా? ఆసుపత్రి రిజిస్టరు వచ్చిన వాళ్లనే లెక్కపెడుతుంది. రానివాళ్లకి అందులో గడి ఉండదు. ఇంటింటికీ వెళ్లి నెత్తురూ మూత్రమూ పరీక్ష చేస్తేనే అసలు లెక్క తేలేది.

అయితే ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. తేడా అంతా ఇంట్లోని అన్యాయం వల్లే అని కొట్టిపారేస్తే అది అబద్ధమవుతుంది. జబ్బు మొదలయ్యాక మగవాళ్లలో అది తొందరగా ముదురుతుంది. ఆడవాళ్లలో సగటున నెమ్మదిగా నడుస్తుంది. ముట్లుడిగే దాకా ఆడవాళ్ల ఒంట్లో ఉండే ఈస్ట్రోజెన్ అనే హార్మోను కిడ్నీకి కొంత కాపలా కాస్తుందని, మగవాళ్ల హార్మోను కొంత కీడు చేస్తుందని శాస్త్రవేత్తలు అంటున్నారు. దానికి తోడు బీడీ, సారా, లెక్క చెయ్యని బి.పి., మండుటెండలో నీళ్లు లేకుండా పని. మధ్య అమెరికాలోని చెరుకు తోటల్లో ఇలాంటి కారణం తెలియని కిడ్నీ జబ్బే కోత కూలీల్ని, అందులో ముఖ్యంగా మగవాళ్లని, వయసులో ఉండగానే తీసుకుపోయింది. అన్నలారా, తమ్ముళ్లారా, ఇది మీ ప్రాణాల సంగతి. "నాకేటవుతాది" అని తిరగొద్దు. పరీక్ష చేయించుకోండి.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా ఆడవాళ్ల వంతున తేలని లెక్క చాలా మిగులుతుంది. అది ఎక్కడెక్కడ దాక్కుందో చూద్దాం.

మొదటి దాపరికం: చీటీ మీద

మనందరికీ తెలిసిన మాట క్రియాటినిన్. "మీ ఆయనకి ఎంతుంది?" "రెండు." "మీ కోడలికి?" "ఒకటీ పాయింటు రెండు, పర్లేదంట." ఇలా మాట్లాడుకుంటాం. ఈ "పర్లేదు" దగ్గరే మోసం ఉంది.

క్రియాటినిన్ అంటే ఏమిటి? మన కండలు పనిచేస్తున్నప్పుడు పుట్టే చెత్త. ఆ చెత్తని కిడ్నీ వడగట్టి మూత్రంలోకి పంపాలి. వడపోత తగ్గితే చెత్త నెత్తుట్లో పేరుకుంటుంది, అంకె పెరుగుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ చెత్త అందరి ఒంట్లోనూ ఒకే మోతాదులో పుట్టదు. కండ ఎక్కువ ఉన్నవాడికి ఎక్కువ పుడుతుంది, తక్కువ ఉన్న మనిషికి తక్కువ. సగటున ఆడవాళ్లకి కండ తక్కువ. అంటే ఆడమనిషి చీటీ మీదా, మగమనిషి చీటీ మీదా ఒకే అంకె ఉంటే, ఆడమనిషి కిడ్నీ ఎక్కువ పాడైందని అర్థం.

నోటి మాట కాదు, లెక్క చెప్తాను. కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతుందో అంచనా వేసే సూత్రం ఒకటి ఉంది. దాన్ని ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. వయసు, ఆడా మగా, క్రియాటినిన్ అంకె వేస్తే అది వడపోత చెప్తుంది. 2021లో సవరించిన సూత్రం తీసుకోండి. 45 ఏళ్ల మగమనిషికి క్రియాటినిన్ 1.2 ఉంటే వడపోత 76 దగ్గర వస్తుంది. అదే 45 ఏళ్ల ఆడమనిషికి అదే 1.2 ఉంటే వడపోత 57 వస్తుంది. 60 కన్నా తక్కువ మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. అంటే ఒకే అంకె మీద ఆయన గీతకి అవతల, ఆమె గీతకి ఇవతల. చాలా లేబరేటరీ చీటీల మీద ఇద్దరికీ కలిపి ఒకే "నార్మల్" అచ్చేసి ఉంటుంది. ఆ నార్మల్ చూసి ఆమెను ఇంటికి పంపేస్తారు.

ఇంకొంచెం ముందుకు పోదాం. ఈ సూత్రం వేసింది కూడా సగటు ఒంటిని దృష్టిలో పెట్టుకునే. ఒక పూట తిని ఒక పూట పస్తుండే మన కూలీ ఆడమనిషి ఒంట్లో ఆ సగటు కండ కూడా ఉండదు. ఆమెకి 57 అని వస్తే అసలు వడపోత అంతకన్నా తక్కువ ఉండవచ్చు. బక్కచిక్కిన మనిషి చీటీ బాగున్నట్టే కనబడుతుంది. ఆకలి ఆమె జబ్బుకి ముసుగు వేస్తుంది.

అందుకని పెన్షనుకో, ఇంకో పథకానికో క్రియాటినిన్ అంకెను గీతగా పెట్టి, ఆడా మగా అందరికీ ఒకే గీత అంటే అది సమానత్వం కాదు. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి ఆడమనిషి కిడ్నీ మగమనిషి కిడ్నీ కన్నా ఎక్కువ పోయి ఉంటుంది. గీత క్రియాటినిన్ మీద కాదు, వడపోత మీద గీయమని అడగాలి.

రెండో దాపరికం: ఒంటి మీద

ఆడవాళ్ల కిడ్నీ జబ్బుకి గుర్తులన్నీ ముందే వేరే పేర్లు పెట్టుకుని కూర్చున్నాయి. నీరసం అంటే "పని ఎక్కువైంది". కాళ్ల వాపు అంటే "నిలబడి నిలబడి". ఒళ్లు పాలిపోతే "నెత్తురు తక్కువ", ఐరన్ మాత్రలు. నెత్తురు పుట్టించమని ఎముకల్లోని మూలుగకి కబురు పంపే హార్మోను కిడ్నీలో తయారవుతుందని ఎంతమందికి తెలుసు? కిడ్నీ పాడైతే ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా నెత్తురు పట్టదు. నెలల తరబడి మాత్రలు వాడినా నెత్తురు పెరగని ఆడమనిషికి కిడ్నీ పరీక్ష చెయ్యండి అని అడగటం మన హక్కు.

ఇక కాన్పు సంగతి. అయిదు నెలలు నిండాక గర్భిణికి బి.పి. పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోతే అది గుర్రపువాతానికి దారి తీస్తుంది. ఆశా అమ్మాయి చెప్తుంది, కార్డులో రాస్తారు, బిడ్డ పుట్టాక అందరూ మరిచిపోతారు. అది మరిచిపోయే సంగతి కాదు. అలా బి.పి. వచ్చిన తల్లికి తర్వాత ఏళ్లలో బి.పి., గుండె జబ్బు, కిడ్నీ జబ్బు వచ్చే ముప్పు మిగతావాళ్ల కన్నా ఎక్కువ. కాన్పులో ఎక్కువ నెత్తురు పోయినా, గర్భస్రావం తర్వాత చీము పట్టినా కిడ్నీ ఒక్కసారిగా దెబ్బ తినవచ్చు. ఇవన్నీ మగవాళ్లకి లేని దారులు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద మాట్లాడుతూ బాబాసాహెబ్ ఏమన్నారు? కాన్పుకి ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దేశానికే మేలు, ఆ భారం ఎక్కువగా ప్రభుత్వమే మొయ్యాలి అన్నారు. తల్లి ఒళ్లు ఇంటి గొడవ కాదు, ప్రజల సంగతి అని దాని అర్థం. ఇన్నేళ్ల తర్వాత కూడా బిడ్డ బరువు చూసే తూకం ఉంది, తల్లి బి.పి. మళ్లీ చూసే తీరిక లేదు.

మూడోది, చెప్పుకోటానికి సిగ్గుపడే సంగతి. పొద్దున్న అయిదింటికి లేచి పనికి పోయిన ఆడమనిషి మళ్లీ ఎప్పుడు మూత్రానికి పోతుంది? చాటు దొరకదు. భూమిగల వాళ్ల ఇంటి మరుగుదొడ్డి మన పేట ఆడవాళ్లకి తెరవరు. అందుకని ఆమె ఏం చేస్తుంది? నీళ్లే తాగటం మానేస్తుంది. పలాసలో జీడిపిక్కల కార్ఖానాల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. నౌపడ ఉప్పు మడుల్లో ఎండ చెప్పక్కర్లేదు. మగమనిషికి ఎండ ఒక్కటే శత్రువు. ఆడమనిషికి ఎండతో పాటు చాటు లేకపోవటం కూడా శత్రువే. నీళ్లు తాగకపోతే, మూత్రం ఆపుకుంటే మూత్రనాళంలో చీము పడుతుంది. ఆడవాళ్లలో ఆ నాళం పొట్టిది, చీము తొందరగా లోపలికి పోతుంది. మళ్లీ మళ్లీ వస్తే కిడ్నీ దాకా పాకుతుంది. సాయంత్రానికి ఒళ్లు నొప్పులు. ఒక డైక్లోఫెనాక్ సూదో, ఒక బ్రూఫెన్ మాత్రో. నీళ్లు లేని ఒంట్లో ఆ మందు కిడ్నీ మీద ఇంకో దెబ్బ. ఈ నొప్పి మాత్రల సంగతిలో మాత్రం ఆడా మగా తేడా లేదు.

మూడో దాపరికం: ఇంట్లో

సరే, జబ్బు తేలింది. డయాలసిస్ అన్నారు. ఒక్కోసారి నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. పలాస, సోంపేట, కవిటి, టెక్కలిలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2019లో డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ ప్రకటించారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. ఇవన్నీ ఊరికే రాలేదు. చచ్చిపోయినవాళ్లు చచ్చిపోగా మిగిలినవాళ్లు రోడ్డెక్కితే వచ్చాయి.

కానీ మిషను ఉచితమైనంత మాత్రాన మనిషి అక్కడికి చేరదు. మగవాడికి జబ్బు చేస్తే తోడు ఎవరు వెళ్తారు? పెళ్లాం. అన్నం క్యారేజీ, మందుల సంచి, బస్సు, వరండాలో పడిగాపులు అన్నీ ఆమెవే. ఆమె కూలి కూడా ఆ రోజు పోతుంది. పెళ్లానికి జబ్బు చేస్తే? ఒకటి రెండుసార్లు ఆయన వెళ్తాడు. తర్వాత కూతురు వెళ్తుంది, బడి మానేసి. ఆ తర్వాత? "ఈ వారం వద్దులే, కొంచెం బాగానే ఉంది" అని జబ్బు మనిషే అంటుంది. ఆమె నోటితో ఆమే అంటుంది కాబట్టి ఎవరికీ పాపం అంటదు! ఆడవాళ్ల రక్తనాళాలు సన్నం. డయాలసిస్ కోసం చేతికి వేసే ఫిస్టులా ఆడవాళ్లలో సరిగా పట్టకపోవటం ఎక్కువ. మళ్లీ ఆపరేషను అంటే మళ్లీ తిరగటం. మానెయ్యటానికి ఇంకో కారణం దొరుకుతుంది.

ఇక కిడ్నీ మార్పిడి. ఇక్కడ లెక్క అద్దం లాగా స్పష్టం. 1995 నుంచి 2021 దాకా మన దేశంలో జరిగిన అవయవ మార్పిడులు 36,640 అని జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్క చెప్పింది. అందులో అవయవం పొందిన మగవాళ్లు 29,695. ఆడవాళ్లు 6,945. అయిదుగురిలో నలుగురు మగవాళ్లు. మరి బతికుండగా ఇచ్చినవాళ్లు ఎవరు? 2021లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం 2019లో బతికుండి అవయవం ఇచ్చినవాళ్లలో నూటికి 80 మంది ఆడవాళ్లు. ముఖ్యంగా తల్లులు, భార్యలు. పుచ్చుకునేది ఆయన, ఇచ్చేది ఆమె.

తల్లి ప్రేమను నేను తక్కువ చెయ్యటం లేదు. భర్తకి కిడ్నీ ఇచ్చి నిలబెట్టుకున్న భార్య కాళ్లకి దండం పెడతాను. నా ప్రశ్న ఒకటే. ఆ ప్రేమ ఎప్పుడూ ఒకే వైపు ఎందుకు పారుతుంది? "ఆయన సంపాదించేవాడు" అంటారు. నాట్లు వేసేది, పిక్కలు కొట్టేది, ఇల్లు నడిపేది సంపాదన కాదా? ఆడదాని కూలి తక్కువ కాబట్టి ఆమె కిడ్నీ కూడా చవకైపోయిందా?

ఈ చవక ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే ఇంటి గడప దాటి బజారుకి రావాలి. మన పక్క రాష్ట్రంలో, చెన్నైలో, కిడ్నీ అమ్ముకున్న 305 మందిని 2001లో కలిసి మాట్లాడి 2002లో ఆ వివరాలు అచ్చువేశారు. అప్పటికి కిడ్నీ అమ్మకాన్ని నేరమని 1994 చట్టం చెప్పి ఏడేళ్లయింది. అమ్ముకున్నవాళ్లలో నూటికి 71 మంది ఆడవాళ్లు. ఎందుకమ్మా మీ ఆయన కాక నువ్వు ఇచ్చావంటే, ఆయన సంపాదించేవాడు అని కొందరు, ఆయనకి ఒంట్లో బాగాలేదు అని కొందరు చెప్పారు. నూటికి 96 మంది అప్పు తీర్చటానికే అమ్ముకున్నారు. అప్పు తీరిందా? అప్పు కోసం అమ్ముకున్నవాళ్లలో మూడొంతులకి పైగా... కాదు, నాలుగింట మూడొంతుల మంది ఇంకా అప్పుల్లోనే ఉన్నారు. ఇంటి ఆదాయం మూడో వంతు పడిపోయింది. కిడ్నీ పోయింది, అప్పు నిలిచింది.

మనం చెయ్యవలసింది

ఊరికే బాధపడి లేచిపోటానికి మనం ఇక్కడ కూర్చోలేదు. రేపటి నుంచి చెయ్యగలిగినవి చెప్తాను. రాసుకోగలిగినవాళ్లు రాసుకోండి.

ఒకటి. పరీక్ష చేయించినప్పుడు క్రియాటినిన్ ఒక్కటే చాలదు. ఇ.జి.ఎఫ్.ఆర్. రాయమనండి. వయసు, ఆడా మగా సరిగా రాశారో లేదో చూసుకోండి. మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కూడా చెయ్యమనండి. నెత్తురు చీటీ బాగున్నా మూత్రం ముందే కబురు చెప్తుంది. వడపోత 60 కన్నా తక్కువ వస్తే కంగారుపడొద్దు, డాక్టరుకి చూపించి మూడు నెలలకి మళ్లీ చేయించండి.

రెండు. కాన్పు కార్డు పారెయ్యొద్దు. కాన్పప్పుడు బి.పి. వచ్చిన తల్లుల పేర్లు సంఘం పుస్తకంలో రాయండి. మూడు నెలలకి ఒకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి బి.పి., మూత్రం చూపించండి.

మూడు. పని దగ్గర నీళ్లూ మరుగుదొడ్డీ కూలి రేటుతో సమానమైన కోరిక. ఫ్యాక్టరీలో తాగే నీళ్లు, ఆడవాళ్లకి విడిగా మరుగుదొడ్డి ఉండాలని 1948లోనే చట్టంలో రాశారు. మేస్త్రీతో బేరం ఆడేటప్పుడు దీన్ని కూడా బేరంలో పెట్టండి. మగ కూలీలు కూడా ఇది అడగాలి. (ఒక మాట: జబ్బు ముదిరినవాళ్లు మాత్రం నీళ్లు డాక్టరు చెప్పిన కొలతే తాగాలి.)

నాలుగు. సంఘం పుస్తకంలో కిడ్నీ రోగుల జాబితాకి రెండు గడులు గియ్యండి, ఆడ, మగ. ఎంతమందికి జబ్బు తేలింది, ఎంతమంది డయాలసిస్‌కి పోతున్నారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు. ఈ నాలుగు వివరాలు ప్రతి పేటలో ఉంటే అధికారి ముందు మన నోరు పెగులుతుంది. డయాలసిస్‌కి పోయే ఆడమనిషికి తోడు ఎవరూ లేకపోతే ఆ తోడు సంఘం ఇవ్వాలి. వంతులు వేసుకోండి.

అయిదు. ఇంట్లో కిడ్నీ ఇమ్మని ఏ ఆడమనిషినైనా అడుగుతున్నారంటే ఆమెతో ఒంటరిగా మాట్లాడండి. ఇవ్వాలని ఆమెకుంటే అది ఆమె ఇష్టం. ఇవ్వొద్దనుకుంటే అదీ ఆమె ఇష్టమే. ఇచ్చేది ఆడమనిషి అయితే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలని, ఆమె సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిందేనని పుచ్చుకునేవాడు కాక వేరే మనిషి ధృవీకరించాలని 2014 నిబంధనల్లోనే ఉంది. ఇంకా పిల్లల్ని కనాలనుకునే అమ్మాయి అయితే ఆమెకి ఇంకో సంగతి ముందే చెప్పాలి. కిడ్నీ ఇచ్చినవాళ్లకి తర్వాతి గర్భంలో బి.పి. వచ్చే ముప్పు పెరుగుతుందని 2015లో కెనడా పరిశోధన ఒకటి చూపించింది.

2018లో ప్రపంచ కిడ్నీ దినమూ, అంతర్జాతీయ మహిళా దినమూ ఒకే రోజు, మార్చి 8న వచ్చాయి. ఆ ఏడాది అందరూ ఆడవాళ్ల కిడ్నీల గురించి మాట్లాడారు. మనకి ఏడాదికొక రోజు చాలదు. ఈ జబ్బు మన మగవాళ్లని తొందరగా చంపుతోంది, మన ఆడవాళ్లని లెక్కలోకి రాకుండా చంపుతోంది. రెండు చావులూ మనవే. తొందరగా చచ్చేవాడికి ముందుగా పరీక్ష కావాలి. లెక్కలోకి రాని మనిషికి ముందు లెక్క కావాలి.

ఈ రోజు ఇక్కడి నుంచి ఇంటికి వెళ్లాక మీ ఇంట్లో ఉన్న చీటీలన్నీ బయటికి తియ్యండి. ఎన్ని మగవాళ్ల పేరు మీద ఉన్నాయో, ఎన్ని ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయో లెక్కపెట్టండి. ఆడవాళ్ల పేరు మీద ఒక్క చీటీ కూడా లేకపోతే, ఆ ఇంట్లో ఆడవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని అనుకోవద్దు. ఎవరూ చూడలేదని అనుకోండి. వచ్చే సమావేశానికి ఆ లెక్కతో రండి.

జై భీమ్.